లోతు ఉలి

కొర్వాస్ కనుమ,
మంచు కరిగే నెల, పదో రోజు.

చెల్లీ ఇల్షేన్,

సరుకులు తెచ్చే బొర్తు, వాడి కంచరగాడిదలు నిన్న మా కనుమకి చేరాయి. నువ్వు పంపిన నువ్వుల రొట్టెలు అందాయి, ఉత్తరమూ అందింది. మూడుసార్లు చదివాను. అందులో నీ పిల్లి ఉంది, పక్కింటావిడతో గొడవ ఉంది, కొత్తగా నేర్చుకున్న చేపల పులుసు ఉంది. నేను అడిగిన ఒక్క సంగతే లేదు.

మళ్లీ అడుగుతున్నాను. ఈసారి కొండల మీద మంచు లేదు. మా గుడిసె ముందు నుంచి చూస్తే ఓహరు నది మధ్యలో గొర్రెలు నడిచి అవతలికి పోతున్నాయి. నేనిక్కడికి వచ్చాక ఇలాంటి ఏడు చూడలేదు. ఇక్కడే ఇలా ఉంటే కింద మన తషెమ్‌లో ఇంకెలా ఉంటుంది? తూము దించి మూడు రోజులు నీళ్లు ఆపితే, దిగుడు పండుగనాటికి నా మెట్టు బయటపడి తీరుతుంది. ఏడేళ్ల తర్వాత.

కాలు ఒకచోట నిలవడం లేదు. ఉన్ని ఏకి కంబళి తొక్కే పని నాది, దానికి నిదానం కావాలి. నిన్న తొక్కిన కంబళి ఒక పక్క మందం, ఒక పక్క చిల్లులు. నాతో పనిచేసే ముసలాయన ఘెందు అడిగాడు, "ఏంటయ్యా, కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నావ్?"

చెప్పాను. మా ఊళ్లో ఏటికొక రాత చెక్కుతారని, దిగుడు పండుగనాడు నీళ్లు ఏ మెట్టు దగ్గర ఆగితే ఆ మెట్టు మీద చెక్కుతారని, అదే మా ఊరి చరిత్ర అని. ఆ రాతలో తప్పు చేసినవాడిగా పేరు పడితే ఊరు విడిచిపోవాలని. మళ్లీ ఆ మెట్టు బయటపడిన ఏడు, కళ్లు లేని చదువరి వేలితో తడిమి చూస్తుందని, వేలికి పేరు అందకపోతే వాడు తిరిగి రావచ్చని.

"అంటే నీ బతుకు ఒక ముసలమ్మ వేలి కింద ఉందన్నమాట!" అని పగలబడి నవ్వాడు. "మా దగ్గరైతే తప్పు చేసినవాణ్ని రెండు తన్ని, ఆ పూటే పక్కన కూర్చోబెట్టి అన్నం పెడతాం."

నాకూ నవ్వొచ్చింది. కాసేపే.

నన్ను పంపేసిన రోజు ఊరి పొలిమేరలో నాన్న నా చెవిలో చెప్పింది నీకు తెలుసు. చెక్కేవాళ్ల ఇళ్లలో తప్ప బయటికి పొక్కని మాట అది. నిజాన్ని లోతు ఉలితో చెక్కుతారు, అబద్ధాన్ని పై ఉలితో. పెద్దలు చెక్కమన్నది చెక్కక తప్పదు కానీ, ఎంత లోతుకన్నది మన చేతిలో ఉంటుంది. "నీ రాత పైపైనే చెక్కుతాను, నా చేతిని నమ్ము. ఇరవై ఏళ్లలో నది నాకేస్తుంది" అన్నాడు. ఇరవై రెండేళ్లయింది. ఏడేళ్ల కిందట "సగం పోయింది" అని నువ్వే రాశావు. మిగతా సగం సంగతేంటి? ఆ మెట్ల మీద ఉలి పట్టేది ఇప్పుడు నువ్వే. నీకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

సూటిగా రాయి.

నీ అన్నయ్య,
దావెర్


తషెమ్,
గడ్డి నెల, రెండో రోజు.

అన్నయ్యా,

ఊరికే కోప్పడకు. పిల్లి సంగతి రాయకపోతే పిల్లి సంగతి రాయలేదని అంటావు.

ఇక్కడ ఊరంతా పిచ్చెక్కిపోయింది. తూము దించకముందే పదకొండు మెట్లు బయటపడ్డాయి. మన తాతలు కూడా చూడని మెట్లు. జనం చీపుర్లు, కొబ్బరిపీచులు పట్టుకొచ్చి పాచి గీకుతున్నారు. పాత లిపి వాళ్లకి రాదు కదా, ప్రతివాడూ "ఇల్షేన్, ఇది చదువు, ఇల్షేన్, అది చదువు" అని నా ప్రాణం తోడేస్తున్నారు. పొద్దున వెళ్తే మధ్యాహ్నం దాకా మోకాళ్ల మీదే. మోకాళ్లు తట్లు తేలాయి.

ఒకటి చెప్తే నవ్వుతావు. మన ఊరు ఎలా పుట్టిందని చెప్పేవాళ్లు? వెలూమి తల్లి పాదం మోపగానే నది పక్కకి ఒరిగి దారిచ్చిందని, దేవతలు పూలు చల్లారని. అట్టడుగు మెట్టు మీద మొదటి రాత చదివాను. "నీళ్లు వెతుక్కుంటూ వచ్చాం. ఉన్నాయి. ఇక్కడే ఉంటాం." అంతే! వెలూమి లేదు, పూలు లేవు. మెట్ల పెద్దల ముఖాలు చూడాలి నువ్వు. "సరిగ్గా చదివావా అమ్మాయ్?" అని నాలుగుసార్లు అడిగారు. నాకైతే ఆ మూడు మాటలూ చాలా నచ్చాయి. అవి లోతు ఉలితో చెక్కినవి, వేలు పెడితే మొదటి కణుపు దాకా దిగుతుంది.

కరువు ఏళ్ల రాతలన్నీ కిందే ఉంటాయి కదా, అన్నీ ఒకచోట చదివితే మనసు చెడిపోతుంది. పైకొచ్చేసరికి మన ఓబెష్ కనపడతాడు, అది ఇంకో చేదు. డెబ్భై ఎనిమిదేళ్లు వచ్చినా మెట్ల మీద కూర్చుని ఎండ కాచుకుంటూ, వచ్చేపోయేవాళ్లని ఊరగాయ చేప అడుగుతుంటాడు. ఏం మనిషి! ఆ పండుగనాడు జనం స్నానం ముగించి పైకెక్కాక వాడు డోలు కొట్టడం, డోలు విని నువ్వు తూము ఎత్తడం, ఉన్నది రెండే పనులు. నువ్వు డోలు విన్నావు, ఎత్తావు. జనం ఇంకా మెట్ల మీదే ఉన్నారు. వీడు తొందరపడి ముందే కొట్టి, "నీళ్లొచ్చాక, పారిపొమ్మని హెచ్చరించడానికి కొట్టాను" అన్నాడు. పదిహేడు మంది కొట్టుకుపోయారు. పెద్దలు వాడి మాట నమ్మి నీ పేరు రాతలోకి ఎక్కించారు, వాడు ఎండ కాచుకుంటున్నాడు. ఊళ్లో చాలామంది మాత్రం నీ మాటే నమ్మారు, మళ్లీ ఎవరూ వాడి చేతికి డోలు ఇవ్వలేదనుకో, అదొక్కటే తృప్తి. నేను వాడితో మాట్లాడి ఇరవై రెండేళ్లు. ఎదురుపడితే ఉమ్మి పక్కకి పోతాను.

నీ మెట్టా? ఇంకా నీళ్లలోనే ఉంది. నీళ్లలో ఉన్నదాని గురించి ఏం రాయను?

రొట్టెలు తిన్నావా? ఈసారి నువ్వులు కొంచెం మాడాయి.

ఇల్షేన్


కొర్వాస్ కనుమ,
గడ్డి నెల, ఇరవయ్యో రోజు.

చెల్లీ,

పదకొండు మెట్లు బయటపడ్డాయని రాశావు. నా మెట్టు నీళ్లలోనే ఉందని రాశావు. నా మెట్టు చెక్కిన ఏడు మరీ అంత కరువు ఏడు కాదు, అది ఆ పదకొండుకీ పైనే ఉండాలి. లెక్క నాకూ వచ్చు.

నువ్వు దాచేది ఏదో నాకు అర్థమవుతోంది, అదేంటో చెప్పకపోతేనే ఎక్కువ బాధ. నా గుడిసె ఘెందు మనవరాలి పెళ్లికి ఇచ్చేశాను. మేకల్ని పంచేశాను. ఇప్పుడు వాళ్ల వసారాలో పడుకుంటున్నాను, మూట కట్టుకుని, పండుగ ఎప్పుడా అని. మూట విప్పడం, కట్టడం. విప్పడం, కట్టడం. వాళ్ల కోడలు విసుక్కుని "బాబాయ్, మీరు వెళ్తే వెళ్లండి, లేకపోతే కాసేపు కూర్చోండి" అంది.

ఇంకోటి. ఓబెష్ తాతని అలా అనకు. ముసలాయన. వీలైతే రోజూ ఒక గిన్నె గంజి పంపు. చేప అడుగుతున్నాడంటే ఆకలి ఉన్నట్టే కదా.

దావెర్


తషెమ్,
దుమ్ము నెల, మొదటి రోజు.

అన్నయ్యా,

సరే. కూర్చుని చదువు. నిలబడి చదవకు.

నీ మెట్టు బయటపడి నెలయింది. రాత ఎక్కడికీ పోలేదు. ఒక్క గీత కూడా పోలేదు. నా చిటికెన వేలి గోరంత లోతు ఉంది. "డోలు మోగకముందే తూము ఎత్తి పదిహేడు మందిని నదిపాలు చేసినవాడు, చెక్కేవాళ్ల ఇంటి దావెర్." నిన్న చెక్కినట్టే ఉంది. ఏడేళ్ల కిందట చదువరి జెమీరమ్మ వేలు పెట్టి ఒక్క గుక్కలో చదివేసింది. "సగం పోయింది" అని నేను రాసింది అబద్ధం. నిన్ను ఇంకో ఏడేళ్లు బతికించడానికి రాశాను. తిట్టాలనుకుంటే తిట్టు.

అయితే నేను ఊరికే కూర్చోలేదు. మెట్ల రాయినే నూరి, ఆ పొడిని లక్కలో కలిపితే గట్టి ముద్ద అవుతుంది. పగిలిన రాయి ఒకటి పెరట్లో ఉంటే దాని మీద నీ పేరే చెక్కి, ముద్ద కూరి, నీళ్ల తొట్టిలో పదిహేను రోజులు పడేశాను. కళ్లు మూసుకుని నేనే తడిమి చూశాను. నున్నగా, గుడ్డులా ఉంది. వేలికి ఏమీ అందలేదు. పాచి చిమ్ముతున్నట్టు నటిస్తూ రోజుకో అక్షరం పూడిస్తే పండుగకి అయిపోతుంది.

పట్టుబడితే ఉలి పట్టిన చేతి బొటనవేలు తీసేస్తారు. తీయనీ. నా తర్వాత చెక్కడానికి మనింట్లో ఎవరున్నారని?

ఏమంటావో వెంటనే రాయి. ఈ ఉత్తరం ఉప్పు మోసేవాళ్ల చేత పంపుతున్నాను, వాళ్లు బొర్తు కంటే చురుకు.

ఇల్షేన్


కొర్వాస్ కనుమ,
దుమ్ము నెల, తొమ్మిదో రోజు.

ఇల్షేన్,

పూడ్చేయ్.

నాన్న చేసింది ఇదన్నమాట. పొలిమేరలో నన్ను కౌగిలించుకుని, "నా చేతిని నమ్ము" అని చెప్పి, ఇంటికెళ్లి లోతు ఉలి తీశాడు! ఇరవై రెండేళ్లు ఆ ఒక్క మాట పట్టుకుని ఈ చలిలో బతికాను. ఆయన పోయాడని తెలిసినప్పుడు మూడు రోజులు తిండి మానేశాను. ఎంత వెర్రివాణ్ని!

నన్ను నమ్మకపోతే మొహం మీదే చెప్పాల్సింది. ఆయనకెలా తెలిసింది? ఎవరు చెప్పారు?

ఆయన సమాధి మీద నువ్వు ఏటా పోసే నీళ్లు నా పేరున పోయకు. ఇక నాకు తండ్రి లేడు.

దావెర్


తషెమ్,
దుమ్ము నెల, పదిహేడో రోజు.

అన్నయ్యా,

నాన్నని ఏమీ అనకు. అనాల్సింది నన్ను. ఆ రాత చెక్కింది నాన్న కాదు, నేను.

నువ్వు వెళ్లిన మర్నాడు మళ్లీ తూము దించారు. రాత చెక్కడానికి నాన్న మెట్ల మీద తెర కట్టుకున్నాడు. చెక్కడం అయ్యేదాకా ఎవరూ చూడకూడదు కదా, తెర బయట పెద్దలు, పోయిన పదిహేడు మంది ఇళ్లవాళ్లు. సుత్తి అందించడానికి నన్ను లోపల కూర్చోబెట్టుకున్నాడు. ఉలి రాయి మీద పెట్టాడు, చెయ్యి వణికిపోయింది. మళ్లీ పెట్టాడు, మళ్లీ వణికింది. పొద్దున్నుంచి ఒళ్లు కాలిపోతోంది ఆయనకి. బయట జనం గొణుగుతున్నారు. నాకు పద్నాలుగేళ్లు. ఆయన చేతిలోంచి ఉలి తీసుకున్నాను.

మన ఇంటి రహస్యం నాకు అప్పటికి తెలియదు. పదహారు నిండితే కానీ చెప్పరు. నాకు తెలిసిందల్లా నాన్న పరువు. చిన్నపిల్ల చెక్కిందని ఎవరికీ అనుమానం రాకూడదని, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి కొట్టాను. నాన్న నా మణికట్టు పట్టుకుని అదిమాడు. బయట అంతమంది ఉండగా నోరు విప్పలేడు. ఇంకా గట్టిగా కొట్టమంటున్నాడని అనుకున్నాను. ఇంకా గట్టిగా కొట్టాను. ఆయన ఇంకా అదిమాడు. నేను ఇంకా గట్టిగా. చివరి అక్షరం దాకా అలాగే. తల తిప్పి చూస్తే ఆయన ఏడుస్తున్నాడు. నీ కోసం ఏడుస్తున్నాడు అనుకున్నాను. నేను బాగా చెక్కానని కూడా కొంచెం గర్వపడ్డాను, అన్నయ్యా.

పదహారు నిండిన రోజు రహస్యం చెప్పాడు. ఆ తర్వాత ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు చాలా రోజులు. "నీ తప్పేం లేదమ్మా" అన్నాడు, అంతే, పోయేదాకా ఆ ఊసు మళ్లీ ఎత్తలేదు. అబద్ధాన్ని లోతు ఉలితో చెక్కినది మన వంశంలో నేనొక్కదాన్నే. రోజూ ఆ మెట్ల మీదికి దిగుతూ అదే తలుచుకుంటాను.

నీ పేరులో మొదటి అక్షరం పూడ్చేశాను. రెండోది రేపు.

నాన్నకి నీ పేరున నీళ్లు పోస్తూనే ఉంటాను. కాదనకు.

నీ చెల్లి


కొర్వాస్ కనుమ,
దుమ్ము నెల, ఇరవై ఆరో రోజు.

చెల్లీ,

ఇక పూడ్చకు. పూడ్చింది తీసేయ్.

నాలుగుసార్లు రాసి చింపాను. ఘెందు కాగితాలన్నీ అయిపోయాయి, ఇది కంబళి చుట్టే కాగితం.

తూము మీద ఉండేవాడు మూడు రోజులు ఉపవాసం ఉంటాడు, నీకు తెలుసు. చక్రం దూలానికి రొట్టె మూట కట్టి ఉంటుంది. తూము ఎత్తాక విప్పుకుని తినాలి, ముందు ముట్టకూడదు. ఆ ఏడు రొట్టె అమ్మ చేసింది, నువ్వులు నువ్వు చల్లావు. నువ్వు మరీ ఎక్కువ చల్లేదానివి. మూట నిండా వాసన.

కర్ర నీడ చక్రం మొదలుకి వచ్చే వేళకి డోలు మోగాలి. నీడ వచ్చింది, దాటింది. డోలు లేదు. ఊరేగింపు ఆలస్యమైందని తర్వాత తెలిసింది. గాలి అటువైపు వీస్తోంది, మోగే ఉంటుందిలే, గాలికి వినపడలేదు అనుకున్నాను. లేదు, అలా అనుకోవాలనుకున్నాను. ఆకలేసింది చెల్లీ. అంతే. ఇంకే కారణమూ లేదు. ఎవరైనా పగతో చేశానన్నా బాగుండేది.

చక్రం తిప్పాను. మూట విప్పాను. రొట్టె సగంలో ఉండగా డోలు మోగింది. ఎప్పుడూ మోగేలా కాదు, ఒకటే మోత, గుండెలు బాదుకున్నట్టు. ఓబెష్ తాత చెప్పింది అక్షరాలా నిజం. నీళ్లొచ్చాకే కొట్టాడు. ఊరివాళ్లు నన్ను పట్టుకోవడానికి వచ్చినప్పుడు "డోలు విన్నాను" అన్నాను. విన్న మాట నిజమే కదా. ఆ మాట పట్టుకునే ఇంతకాలం బతికాను. నాన్న నమ్మాడు. నువ్వు నమ్మావు. కొన్నేళ్లకి నేనూ దాదాపు నమ్మాను.

నాన్న అబద్ధమనుకుని పైపైన చెక్కబోయాడు. ఏమీ తెలియని నువ్వు లోతుగా చెక్కావు. నీ చేతే సరైన లోతుకి దిగింది. నువ్వు ఏ తప్పూ చెక్కలేదు. ఇరవై రెండేళ్లు నువ్వు మోసింది నా బరువు.

నువ్వు ఏటా పంపే నువ్వుల రొట్టె ఒక్కటి కూడా నేను తినలేదు. మేకలకి పెట్టాను.

మూట విప్పేశాను. ఇక ఎక్కడికీ రాను.

దావెర్


తషెమ్,
ఎండల నెల, నాలుగో రోజు.

దావెర్,

మేకలకా?

పొద్దున్నే లేచి పిండి కలిపి, నువ్వులు వేయించి, బొర్తుని బతిమాలి పంపిన రొట్టెలు మేకలకా? ఇరవై రెండేళ్లు ఒక ముసలివాడి ముందు ఉమ్మి నడిచాను నేను! నీ కోసం! జనం అతన్ని "ముందుకొట్టుడు ఓబెష్" అని పిలుస్తుంటే నవ్వాను! అతని కూతురి పెళ్లి తప్పిపోయినప్పుడు, తగిన శాస్తి అన్నాను. ఈ నోటితోనే అన్నాను.

నీకు ఏం రాయాలో తెలియడం లేదు. ఉత్తరాలు రాయకు కొన్నాళ్లు.

ఇల్షేన్


తషెమ్,
ఎండల నెల, పంతొమ్మిదో రోజు.

అన్నయ్యా,

నువ్వు నిజంగానే రాయలేదు. రాయొద్దంటే మానేయడమేనా? ఉప్పు మోసేవాళ్లు రెండుసార్లు ఉత్త చేతులతో వచ్చారు. వీధి చివరిదాకా వెళ్లి చూసి వచ్చాను.

లక్క ముద్ద తీసేశాను. వేడి చేసిన సూదితో, గోళ్లతో. నీ పేరు మళ్లీ మొత్తం ఉంది.

గంజి గిన్నె పట్టుకుని ఓబెష్ తాత దగ్గరికి వెళ్లాను. గిన్నె కింద పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని, నీ ఉత్తరం చదివి వినిపించాను. నీ అనుమతి అడగలేదు, అడగను కూడా. మొత్తం విన్నాడు. తర్వాత గిన్నెలోకి తొంగిచూసి, "చేప లేదా ఇందులో?" అన్నాడు.

నేను ఏడ్చాను. ఆయన అన్నాడు, "ఏడవకే పిల్లా. నీకో సంగతి చెప్పనా? మొదట్లో ఒట్టు పెట్టి మరీ చెప్పేవాణ్ని, కొట్టలేదు కొట్టలేదని. పదేళ్లకి నాకే అనుమానమొచ్చింది. అంతమంది అంటున్నారు కదా, కొట్టానేమో, నేనే మర్చిపోయానేమో అని. ఆ పదిహేడు మంది పేర్లు రోజూ అనుకునేవాణ్ని, నేనే ముంచానేమో అని. మా ఇంటిది పోయేముందు కూడా అడిగింది, 'నిజం చెప్పు, కొట్టావా?' అని. తెలీదే అన్నాను." గిన్నె ఒళ్లోకి తీసుకుని, "అయితే నేను కొట్టలేదన్నమాట" అన్నాడు. మళ్లీ మళ్లీ అదే. "నేను కొట్టలేదన్నమాట."

అన్నయ్యా, ఈ మాట నీకు గుచ్చుకోవాలనే రాస్తున్నాను.

ఇప్పుడు అసలు సంగతి విను. అడుగు నుంచి నాలుగో మెట్టు మీద పాచి కింద ఒక రాత దొరికింది. మూడు వందల ఏళ్ల కిందటి కరువు ఏడుది. "ఈ ఏడు ధాన్యం దాచిన హెబ్రూ తానే దిగివచ్చి తన రాత తానే చదివాడు. అందరూ విన్నారు. ఇక్కడే ఉన్నాడు." లోతు ఉలి. పెద్దల దగ్గరికి పరిగెత్తాను. వాళ్లు ఎప్పటిలాగే నీళ్లు నమిలారు. "అది పాత కాలం, ఇప్పుడు వేలికి పేరు అందితే రాకూడదు, అంతే" అన్నారు. జెమీరమ్మ కర్రతో నేల మీద కొట్టింది.

"చదువరిని నేనా, మీరా? రాత అరిగిపోయేదాకా ఆగమనడం తర్వాత వచ్చిన వాడుక. సిగ్గుపడి దిగిరానివాళ్ల కోసం పెట్టింది అది. దిగివచ్చి చదివేవాడుంటే నా వేలు పక్కకి తీస్తాను" అంది.

ఇక కాదనలేకపోయారు. షరతు ఒకటి పెట్టారు. నువ్వు ఆ పదిహేడు మంది ఇళ్లవాళ్ల ఎదుట, నీ మెట్టు మీద, నీ వేలితో నీ రాత చదవాలి. రొట్టె సంగతితో సహా చెప్పాలి. తర్వాత వాళ్లు ఉండమంటే ఉంటావు, పొమ్మంటే పోతావు. ఉండమంటారని నేను మాటివ్వలేను. వాళ్లలో ఒకావిడ ఇద్దరు పిల్లల్ని పోగొట్టుకుంది, ఆమె ముఖం చూడడానికి నాకే భయం.

నేను ఒక్కటే అడిగాను పెద్దల్ని. ఈసారి డోలు ఓబెష్ తాతకి ఇమ్మని. ఇచ్చారు. చేతులు వణుకుతున్నా రోజూ సాధన చేస్తున్నాడు, వీధిలో ఎవరికీ కునుకు లేదు.

పండుగ ఇంకా ఇరవై రోజులుంది. కోపం పోలేదు నాకు. పోయేలా కూడా లేదు. అయినా రా.

ఇల్షేన్


ఓహరు అవతలి ఒడ్డు,
దిగుడు పండుగకి ముందురోజు.

చెల్లీ,

నీ ఉత్తరం అందిన పూటే బయల్దేరాను. మూట కట్టలేదు, కట్టుకోవడానికి ఏం మిగల్లేదు. ఘెందు పొలిమేర దాకా వచ్చి, "రెండు తన్ని అన్నం పెడితే ఉండు, ఊరికే తన్నితే వెనక్కొచ్చేయ్" అన్నాడు.

ఇక్కడి నుంచి మెట్లన్నీ కనపడుతున్నాయి. ఇన్ని ఉంటాయని అనుకోలేదు. ఎవరో ఆడమనిషి కింద మెట్ల మీద మోకాళ్ల మీద కూర్చుని పాచి గీకుతోంది, అది నువ్వే అనుకుంటున్నాను. జుట్టు నెరిసింది. కేకేయాలనిపించింది, ఇవతలి ఒడ్డు మీదున్నంతసేపూ నోరెత్తే హక్కు లేదని ఊరుకున్నాను. ఈ చీటీ అవతలికి నడిచి వెళ్తున్న గొర్రెల కాపరి చేత పంపుతున్నాను.

భయంగా ఉంది. ఆ ఇద్దరు పిల్లల తల్లి ముందు ఏం మాట్లాడాలో దారి పొడవునా అనుకుంటూ వచ్చాను, ఒక్క ముక్క కూడా గుర్తులేదు. ఆకలేసిందని చెప్పాలి, అంతే కదా. ఆ మాట ఆమెకి ఎలా చెప్పను? చెప్తాను.

ఓబెష్ తాత దగ్గరికి మాత్రం ముందు వెళ్లలేను. మెట్టు మీద నిలబడి చదివాక, కాళ్లు పట్టుకుంటాను. పట్టుకోనిస్తే.

నా రాత నేను ఎప్పుడూ చూడలేదు, చెక్కకముందే పంపేశారు. ఏ మెట్టో నాకు తెలియదు. రేపు నువ్వు దాని మీద నిలబడు. నేను నీవైపు నడిచి వస్తాను. అక్షరాలు కూడా మర్చిపోయి ఉంటాను, తడబడితే అందించకు, నేనే తడుముకుంటాను.

వాళ్లు పొమ్మంటే మాట్లాడకుండా పోతాను. నువ్వు ఎవరితోనూ వాదించకు.

ఉండమంటే, ఒక నువ్వుల రొట్టె తీసుకురా. నువ్వులు ఎక్కువే చల్లు. చేతిలో పట్టుకుని కూర్చుంటాను. జనం మొత్తం పైకెక్కి, ఓబెష్ తాత డోలు కొట్టాక తింటాను. ముందు కాదు.

దావెర్